కరెంటు తీగ తిరగని ఇళ్లు

వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ పాత మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు అంతా తిరిగాను. జడ్చర్ల, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, ఎక్కడికి వెళ్లినా ఒక ఎం.బి. చర్చి ఉండేది. ఎం.బి. అంటే మెనోనైట్ బ్రెదరెన్. 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి బయలుదేరి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ తరవాత అమెరికా మెనోనైట్లు వచ్చి పాలమూరులో బడులు, ఆసుపత్రులు కట్టారు. జడ్చర్ల మెనోనైట్ ఆసుపత్రి పేరు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వీళ్లెవరు, ఎక్కడివాళ్లు అని ఆరా తీసి చదువుతుంటే వాళ్ల దాయాదుల సంగతి తెలిసింది. ఒకే మూలం నుంచి పుట్టి, మూడు వందల ఏళ్ల కిందట వేరుపడి, ఈనాటికీ గుర్రాలతో, కంచరగాడిదలతో సేద్యం చేసుకుంటున్న ఆమిష్ ప్రజలు. అప్పటినుంచీ వాళ్ల పొలాలు చూడాలని నాకు కోరిక.

న్యూజెర్సీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, "ఈసారి నయాగరా వద్దమ్మా, లాంకస్టర్ తీసుకెళ్లండి" అని అడిగాను. పెన్సిల్వేనియాలో ఆమిష్‌లు ఉండే ప్రాంతం అది. అక్టోబరు నెల. మొక్కజొన్న కోతలు సాగుతున్న కాలం. రైతు జీవితం చూడాలనుకునేవాడికి అంతకంటే మంచి అదను దొరకదు. మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, నేను పొద్దున్నే కారులో బయలుదేరాం.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ దిగి చిన్న రోడ్ల మీదికి మళ్లాక నేల తీరే మారిపోయింది. సున్నపురాయి మీద ఏర్పడిన లోతైన, మెత్తని భూమి. కాలువ నీరు లేకుండా వాన మీదే ఇంత బాగా పండే నేల అమెరికాలోనే అరుదు. ఒక చేలో నాలుగో కోతకు వచ్చిన లూసర్న్ గడ్డి పచ్చగా, పక్క చేలో ఎండిన మొక్కజొన్న. ఆ వెనకే గోడ చెక్కలు నిలువునా తెరుచుకునే పొడవాటి షెడ్లలో పొగాకు వేలాడుతోంది. మన ప్రకాశం జిల్లాలో బ్యారన్లలో వేడి పెట్టి పొగాకు క్యూరింగ్ చేస్తారు. ఇక్కడ వారాల తరబడి గాలికే ఆరనిస్తారు. ప్రతి ఇంటి ముందూ కప్పీ మీద నడిచే పొడవాటి తాడు, దాని మీద వరసగా ఊదా, నీలం, ఆకుపచ్చ గౌన్లు, నల్లటి ప్యాంట్లు.

లాంకస్టర్‌లో మెనోనైట్ల ఆధ్వర్యంలో ఒక మంచి సదుపాయం ఉంది. ముందుగా చెప్పుకుంటే గైడ్ మన కారులోనే కూర్చుని దారి చూపిస్తారు. మాతో వచ్చినావిడ అరవై దాటిన మెనోనైట్ మహిళ. తాతల కాలంలో వాళ్లూ ఆమిష్‌లేనట. నేను పాలమూరు మెనోనైట్ల గురించి చెబితే ఎంతో సంతోషపడింది. ఆమె మాకు చెప్పిన మొదటి గుర్తు ఇది: "రోడ్డు మీది స్తంభం నుంచి తీగ ఇంటివైపు తిరిగిందా లేదా చూడండి. తిరగకపోతే అది ఆమిష్‌ల ఇల్లు."

నీళ్లలో ముంచి చంపిన కాలం

పాత ఫిలడెల్ఫియా పైక్ మీద బర్డ్ ఇన్ హ్యాండ్ వైపు వెళుతుండగా ఆమె చెప్పిన చరిత్ర, అంతకుముందు నేను చదివిన చరిత్ర కలిపి క్లుప్తంగా చెబుతాను.

1525 జనవరి 21న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొందరు యువకులు ఒక ఇంట్లో చేరి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిబిడ్డకు విశ్వాసం అంటే ఏమిటో తెలియదు, పెద్దయ్యాక తెలిసి తీసుకునేదే బాప్తిస్మం అని వాళ్ల వాదం. ఇలాంటివాళ్లకు అనబాప్టిస్టులని పేరు వచ్చింది. కాన్రాడ్ గ్రేబెల్, ఫెలిక్స్ మాంజ్, జార్జ్ బ్లౌరాక్ వాళ్లలో ముఖ్యులు. చర్చి, ప్రభుత్వం ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదనడమంటే రాజ్యాన్ని కాదనడమే. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్‌ను కాళ్లూ చేతులూ కట్టి లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. ఆ తరవాత యూరప్ అంతటా వేల మందిని కాల్చారు, నరికారు. మెనో సైమన్స్ అనే డచ్ క్యాథలిక్ ఫాదర్ 1536లో వీళ్లతో చేరి చెదిరిపోయిన వాళ్లను కూడగట్టాడు. మెనోనైట్ అన్న పేరు ఆయన వల్లే వచ్చింది.

1693లో వాళ్లలో చీలిక వచ్చింది. ఆల్సేస్ ప్రాంతంలో బోధకుడిగా ఉన్న యాకోబ్ అమ్మాన్, సంఘం చాలా మెత్తబడిపోయిందన్నాడు. మాట తప్పి సంఘం నుంచి వెళ్లిపోయినవాళ్లను వెలివేయాలని, ప్రభు భోజనం వేళ ఒకరి పాదాలు ఒకరు కడగాలని పట్టుబట్టాడు. స్విట్జర్లాండ్‌లో హాన్స్ రైస్ట్ అనే పెద్ద ఒప్పుకోలేదు. అమ్మాన్ వెంట నడిచినవాళ్లు ఆమిష్‌లయ్యారు.

1681లో పెన్సిల్వేనియా మీద అధికారపత్రం పొందిన విలియం పెన్ క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు. ఎవరి మతం వాళ్లు పాటించుకోవచ్చన్నాడు. ఆ భరోసాతోనే 1737లో చార్మింగ్ నాన్సీ అనే ఓడలో ఆమిష్ కుటుంబాలు కొన్ని ఫిలడెల్ఫియాలో దిగాయి. వెనక యూరప్‌లో మిగిలినవాళ్లు క్రమంగా మెనోనైట్లలో కలిసిపోయారు. జర్మనీలో చివరి ఆమిష్ సంఘం 1937లో అలాగే ముగిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆరు వేలకు మించని ఆమిష్‌లు ఇవాళ అమెరికా, కెనడాల్లో కలిపి నాలుగు లక్షలు దాటారు. మతం మార్చుకుని వచ్చి చేరినవాళ్లు చాలా కొద్దిమంది. ఇంటికి ఆరేడుగురు పిల్లలు, వాళ్లలో నూటికి ఎనభై అయిదు మందికి పైగా పెద్దయ్యాక కూడా సంఘంలోనే ఉండిపోవడం, ఇవే ఆ పెరుగుదలకు కారణాలు.

ఎందుకు ఉండిపోతున్నారు? ఈ ప్రశ్న నన్ను ప్రయాణమంతా వదల్లేదు.

పాలకొట్టంలో

గైడ్ ముందే మాట్లాడి పెట్టిన ఒక రైతు ఇంటికి వెళ్లాం. ఇంటి పెద్దకు యాభై అయిదేళ్లుంటాయి. మీసం లేని పొడవాటి గడ్డం, గడ్డి టోపీ, బెల్టు లేకుండా భుజాల మీదుగా పట్టీలున్న నల్ల ప్యాంటు. పెళ్లయిన మగవాళ్లు గడ్డం పెంచుతారు. ఒకప్పుడు యూరప్‌లో మీసం సైనికుల గుర్తు కాబట్టి దాన్ని ఉంచుకోరు. కోటుకు బొత్తాలుండవు, కొక్కేలే. ఆడవాళ్లు గౌనును గుండుసూదులతో పెట్టుకుంటారు.

నేను వ్యవసాయ శాఖవాణ్ణని తెలియగానే ఆయన నన్ను నేరుగా చేలోకి తీసుకెళ్లాడు. ఆరు కంచరగాడిదలు వరసగా కట్టి ఉన్నాయి. వాటి వెనక మొక్కజొన్న కండెలు కోసే యంత్రం. ఆ యంత్రం మీద ఒక పెట్రోల్ ఇంజిన్! నేను ఆశ్చర్యపోవడం చూసి ఆయనే వివరించాడు. కోసే పని ఇంజిన్ చేస్తుంది, లాగే పని పశువులు చేస్తాయి. ట్రాక్టరు కూడా ఉంది, కానీ కొట్టం దగ్గరే. దాణా ఊదడానికి, ఎరువు పంపు చేయడానికి వాడతారు. చేలోకి రానివ్వరు. ఈ కట్టుబాటు 1920లలో పెట్టుకున్నది.

"ట్రాక్టరు చేలోకి వస్తే నష్టమేమిటి?" అని అడిగాను.

ఆయన తొందరపడకుండా చెప్పాడు: "చేలోకి వస్తే ఎక్కువ పొలం కావాలంటుంది. నేను పెంచుకుంటే పక్కవాడు అమ్ముకోవాలి. పెద్ద యంత్రం వచ్చాక కోతకు పక్కింటివాడు నాకు అక్కర్లేదు. అతను నా చేలోకి రాకపోతే నేనూ అతని చేలోకి వెళ్లను. పదేళ్లకు మేమిద్దరం పేర్లు మాత్రమే తెలిసినవాళ్లుగా మిగిలిపోతాం."

నలభై పైచిలుకు హోల్‌స్టీన్ ఆవులున్న పాలకొట్టం ఆ మాటకు సాక్ష్యంలా ఉంది. పితకడానికి యంత్రాలున్నాయి. పక్క గదిలో పెద్ద స్టీలు ట్యాంకు. గోడ అవతల డీజిల్ ఇంజిన్ నడుస్తూ పాలను చల్లబరుస్తోంది. పాలు కలియతిప్పే చిన్న మోటారుకు 12 వోల్టుల బ్యాటరీ. 1960లలో పాల కంపెనీలు శీతల ట్యాంకు పెట్టనివాళ్ల పాలు కొనమన్నాయట. ఒప్పుకుంటే కరెంటు తీగ తెచ్చుకోవాలి, కాదంటే పాడి పోతుంది. సంఘాల బిషప్పులు కూర్చుని ఆలోచించారు. ట్యాంకు పెట్టుకుంటాం, ఇంజిన్‌తో నడుపుకుంటాం, ఆదివారం మాత్రం పాలు ఇవ్వం అన్నారు. కంపెనీలు దిగివచ్చాయి.

కొట్టం పక్కనే వాళ్ల రెండో అబ్బాయి వడ్రంగి షెడ్డు. రంపం, డ్రిల్లు, పాలిష్ యంత్రం అన్నీ ఉన్నాయి. వైర్లుండాల్సిన చోటంతా గొట్టాలు. డీజిల్ ఇంజిన్ గాలిని పెద్ద సిలిండర్‌లోకి ఒత్తిడితో నింపుతుంది, ఆ గాలి గొట్టాల్లోంచి వచ్చి యంత్రాలను తిప్పుతుంది. వంటింట్లో మిక్సర్‌కీ, కుట్టు మిషన్‌కీ అదే గాలి. ఫ్రిజ్జు ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుంది. కొన్ని ఇళ్ల కప్పు మీద సోలార్ పలకలు కూడా చూశాను. అంటే వాళ్లకు విద్యుత్తు అంటే భయమేమీ లేదు. బయటి ప్రపంచంతో ఇంటిని శాశ్వతంగా కలిపి ఉంచే తీగ వద్దన్నారు. 1920 ప్రాంతంలోనే ఆ నిర్ణయం తీసుకోవడం వల్ల ఆ తీగ వెంట రేడియో, ఆ తరవాత టీవీ, ఆ తరవాత ఇంకోటి ఇంట్లోకి వచ్చి కూర్చోలేదు.

టెలిఫోను కూడా ఉంది. పొలం గట్టున చిన్న చెక్క గదిలో పెట్టారు. మూడు నాలుగు కుటుంబాలకు అది ఒక్కటే. పశువుల డాక్టరుకో, సరుకు కొనేవాళ్లకో ఫోను చేయాలంటే అక్కడిదాకా నడిచి వెళ్లాలి. ఇంట్లో ఉంటే మనిషి దగ్గరికి వెళ్లి మాట్లాడే అలవాటు పోతుందని 1910 ప్రాంతంలో గట్టి చర్చ జరిగి, సంఘమే చీలింది.

ఎవరు నిర్ణయిస్తారు?

మధ్యాహ్న భోజనం ఆ ఇంట్లోనే. పొడవాటి బల్ల, బెంచీలు, గోడకు ఒక గడియారం, ఒక క్యాలెండరు. ఫొటో ఒక్కటి కూడా లేదు. వడ్డించే ముందు అందరూ తల వంచి మౌనంగా ప్రార్థించారు. బయటికి ఒక్క మాట వినపడలేదు. తినడం అయ్యాక మళ్లీ అలాగే. కోడికూర, వెన్న వేసిన ఆలుగడ్డ ముద్ద, కూరగాయ ముక్కలు తీపి వెనిగర్‌లో నిలవచేసిన చౌచౌ, ఇంటి రొట్టె, బెల్లం పాకం లాంటి మొలాసిస్‌తో చేసిన షూఫ్లై పై. మా ఆవిడ మాంసం తినదని చెబితే ఇంటావిడ ఏమీ అనుకోకుండా బీన్సు, నూడుల్సు, గుడ్డు తెచ్చి పెట్టింది. పిల్లలు మాతో ఇంగ్లిష్‌లో, తమలో తాము పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాసలో మాట్లాడుకున్నారు. చర్చిలో చదివే బైబిలు పాత జర్మన్‌లో ఉంటుంది.

వాళ్లకు చర్చి భవనం లేదు. రెండు వారాలకొక ఆదివారం ఒకరి ఇంట్లో ఆరాధన. పాతిక నుంచి నలభై కుటుంబాలు ఒక సంఘం. అంతకు మించితే ఇంట్లో పట్టరు కాబట్టి రెండుగా విడిపోతుంది. ఒక బండిలో బెంచీలు ఇంటింటికీ తిరుగుతాయి. మూడు గంటలపాటు ఆరాధన, వాయిద్యాలు లేని పాటలు. ఆ పాటల పుస్తకం ఔస్‌బుండ్ 1564లో మొదట అచ్చయింది. పాస్సౌ కోట చెరలో ఉన్న అనబాప్టిస్టు ఖైదీలు కట్టిన పాటలు అందులో ఉన్నాయి. ప్రతి ఆరాధనలో రెండో పాట ఒకటే, సాగదీసి దాదాపు ఇరవై నిమిషాలు పాడతారు.

బోధకుణ్ణి ఎంచుకునే పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. సంఘంలోని మగవాళ్లు, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒక పేరు చెవిలో చెబుతారు. కనీసం మూడు ఓట్లు వచ్చినవాళ్ల కోసం తలకొక పాటల పుస్తకం బల్ల మీద పెడతారు. వాటిలో ఒకదానిలో మాత్రమే ఒక చీటీ ఉంటుంది. ఎవరు తీసిన పుస్తకంలో చీటీ ఉంటే అతనే జీవితాంతం బోధకుడు. జీతం లేదు, శిక్షణ లేదు. పొలం పనిలోనే ఇదీ. పదవి కోసం పోటీ పడే వీలే లేదు. చీటీ వచ్చిన మనిషి ఆ బరువుకు కన్నీళ్లు పెట్టుకోవడం మామూలేనని మా గైడ్ చెప్పింది.

ఏది ఉండాలి, ఏది వద్దు అన్న కట్టుబాటును ఓర్డ్‌నుంగ్ అంటారు. చాలావరకు రాసిపెట్టింది కాదు. ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ ఈ అక్టోబరు రోజుల్లోనూ, ప్రభు భోజనానికి రెండు వారాల ముందు సంఘమంతా కూర్చుంటుంది. కట్టుబాట్లన్నీ మరోసారి చెప్పుకుంటారు. ఎవరికైనా ఎవరిమీదైనా కోపముంటే మాట్లాడుకుని సర్దుకోవాలి. అందరూ సమ్మతి చెబితేనే ప్రభు భోజనం. కలహం తీరకపోతే వాయిదా వేసిన సందర్భాలున్నాయి. కట్టుబాటు ఏ సంఘానికి ఆ సంఘమే నిర్ణయించుకుంటుంది కాబట్టి ఒక ఊరి ఆమిష్‌లకూ మరో ఊరివాళ్లకూ తేడాలు చాలా. లాంకస్టర్‌లో బండి బూడిద రంగు, ఒహైయోలో నలుపు. ఇదే రాష్ట్రంలో బిగ్ వ్యాలీ అనే లోయలో తెల్ల బండ్లవాళ్లు, పసుపు బండ్లవాళ్లు, నల్ల బండ్లవాళ్లు పక్కపక్కనే ఉంటారు. లాంకస్టర్‌లో సైకిలు వద్దన్నారు, పిల్లలూ పెద్దలూ కాలితో తోసే స్కూటర్ల మీద వెళుతుంటారు. సైకిలైతే మరీ దూరం తీసుకుపోతుందట.

ఇంటి వెనక కూరగాయల మడిలో సెలరీ వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక కుటుంబానికి అంత ఎందుకని మా అమ్మాయి అడిగింది. గైడ్ నవ్వి ఊరుకుంది. కారెక్కాక చెప్పింది. పెళ్లి విందులో సెలరీ కూర తప్పనిసరి. నవంబరులో మంగళ, గురువారాల్లో పెళ్లిళ్లు జరుగుతాయి. నిశ్చయమైన పెళ్లిని ప్రభు భోజనం అయ్యేదాకా బయటపెట్టరు. మడిలో సెలరీ ఎక్కువగా వేస్తే ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఉందని ఊరికి అర్థమవుతుంది.

ఎనిమిదో తరగతితో ఆగే చదువు

తెల్లటి ఒకే గది బడి. ముందు మైదానంలో పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకూ ఒకే గది, ముప్పై మంది లోపు పిల్లలు. టీచరు సాధారణంగా పెళ్లికాని ఆమిష్ అమ్మాయి. ఆమె చదివింది కూడా ఎనిమిదే. బడి నడిపేది తల్లిదండ్రుల కమిటీ.

దీనికోసం వాళ్లు చాలా కష్టపడ్డారు. చిన్న బడులు మూసి పెద్ద బడుల్లో కలిపేస్తూ, హైస్కూలు తప్పనిసరి చేసినప్పుడు తండ్రులు జైలుకు వెళ్లారు. 1965లో అయోవాలో అధికారులు పిల్లల్ని బస్సెక్కించబోతే వాళ్లు పక్కనున్న మొక్కజొన్న చేలోకి పరుగెత్తిన ఫొటో అమెరికా అంతటినీ కదిలించింది. విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్‌లో జోనస్ యోడర్‌తో పాటు మరో ఇద్దరు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. కోర్టుకెక్కడం ఆమిష్‌ల పద్ధతి కాదు. విలియం లిండ్‌హోమ్ అనే లూథరన్ పాస్టర్ నడిపిన కమిటీ వాళ్ల తరఫున నిలబడింది. 1972 మే 15న సుప్రీంకోర్టు ఆమిష్‌ల పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పులో జస్టిస్ డగ్లస్ మాత్రం కొంత విభేదించారు. తల్లిదండ్రుల మాట విన్నాం, పిల్లలు ఏం కావాలనుకుంటున్నారో వినవద్దా అన్నది ఆయన ప్రశ్న.

నాది చదువు వల్ల పైకి వచ్చిన కుటుంబం. పొలం గట్టు మీద నుంచి హైస్కూలుకు నడిచి వెళ్లకపోతే నా జీవితమే వేరుగా ఉండేది. అందుకే డగ్లస్ ప్రశ్న నాకు చాలా న్యాయంగా తోస్తుంది. అదే సమయంలో పద్దెనిమిదేళ్లకు పని చేతికొచ్చి, పాతికేళ్లకు సొంత షెడ్డు పెట్టుకున్న ఆ ఇంటి రెండో అబ్బాయిని చూశాక, చదువు ఆగినంత మాత్రాన మనిషి ఆగిపోడన్నది కూడా నిజమని ఒప్పుకున్నాను.

నికెల్ మైన్స్

ఆ ప్రాంతంలోనే స్ట్రాస్‌బర్గ్ అనే ఊరికి కొద్ది మైళ్ల దూరంలో నికెల్ మైన్స్ అనే చిన్న చోటు ఉంది. 2006 అక్టోబరు 2న, ఆ చుట్టుపక్కల పొలాలకు పాల లారీ నడిపే ఒక వ్యక్తి అక్కడి ఒకే గది బడిలోకి తుపాకులతో వెళ్లాడు. మగపిల్లల్ని పంపేసి, పదిమంది ఆడపిల్లల్ని కాల్చి, తననూ కాల్చుకున్నాడు. అయిదుగురు పిల్లలు చనిపోయారు.

అదే రోజు పొద్దుగూకేలోగా ఆమిష్ పెద్దలు కొందరు అతని భార్య ఉన్న చోటికి వెళ్లారు. మీ మీద మాకు కోపం లేదని చెప్పి వచ్చారు. అతని అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆమిష్‌లే. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా వాళ్లలో ఉన్నారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విరాళాల్లో కొంత అతని కుటుంబానికి కూడా ఇచ్చారు. ఆ బడిని పదిరోజుల్లో నేలమట్టం చేసి గడ్డి విత్తారు. కొత్త బడికి న్యూ హోప్ అని పేరు పెట్టుకుని ఆరు నెలలకు తెరిచారు.

మేం ఆ చోటికి వెళ్లలేదు. ఆ ఇళ్లవాళ్ల దుఃఖాన్ని చూసే వస్తువుగా చేయకూడదని గైడ్ అంది, మేమంతా సరేనన్నాం. ఆమె మాత్రం ఒక పాత కథ చెప్పింది. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ అనే ఊళ్లో డిర్క్ విలెమ్స్ అనే అనబాప్టిస్టు చెర నుంచి తప్పించుకుని, గడ్డకట్టిన చెరువు మీదుగా పారిపోతున్నాడు. తరుముతున్న భటుడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి అతణ్ణి పైకి లాగాడు. అక్కడే పట్టుబడ్డాడు, తరవాత మంటల్లో కాల్చి చంపారు. 1660లో అచ్చయిన మార్టిర్స్ మిర్రర్ అనే పెద్ద గ్రంథంలో ఈ కథ ఉంది. ఎన్నో ఆమిష్ ఇళ్లలో బైబిలు పక్కన ఉండే పుస్తకం అది. 1757లో పెన్సిల్వేనియాలోని నార్త్‌కిల్ వద్ద యుద్ధ సమయంలో యాకోబ్ హోచ్‌స్టెట్లర్ అనే ఆమిష్ రైతు ఇంటిని శత్రువులు చుట్టుముట్టినప్పుడు, తుపాకులు తీసిన కొడుకుల్ని ఆయన వారించాడు. భార్య, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఈ కథలు వింటూ పెరిగినవాళ్లకు క్షమించడం ఆ ఒక్క సాయంత్రం తీసుకున్న నిర్ణయం కాదు. నాలుగు వందల ఏళ్లుగా తరం నుంచి తరానికి నేర్పుకుంటూ వచ్చిన విద్య.

దీనికి చెల్లించే మూల్యం

మెచ్చుకోవడంతో ఆపేస్తే అది నిజాయితీ అనిపించుకోదు.

పదహారేళ్లు దాటిన పిల్లలకు కొన్నేళ్లు కాస్త స్వేచ్ఛ ఉంటుంది. ఆ దశను రుమ్‌ష్‌ప్రింగా అంటారు. బాప్తిస్మం తీసుకోకముందే వెళ్లిపోతే వెలి లేదు. తీసుకున్నాక వెళ్లిపోతే కన్నవాళ్ల ఇంట్లో కూడా వేరే బల్ల మీద తినాలి, వెలిపడ్డవాళ్ల చేతి నుంచి ఎవరూ వస్తువు తీసుకోరు. ఒకరికొకరు అంతగా అవసరమయ్యేలా కట్టుకున్న సమాజంలో వెలి ఎంత కోత పెడుతుందో ఊహించుకోవచ్చు. ఆడవాళ్లు ఓటు వేస్తారు గాని బోధకులు కాలేరు. లైంగిక హింస జరిగిన కొన్ని ఇళ్లలో బాధితులను క్షమించమని ఒత్తిడి చేసి, పోలీసుల దాకా వెళ్లనివ్వలేదన్న ఆరోపణలు ఇటీవల చాలా వచ్చాయి. కొన్ని కేసుల్లో శిక్షలూ పడ్డాయి. క్షమ బలవంతుడు ఇచ్చే ఆజ్ఞ అయినప్పుడు అది ధర్మం కాదు.

జబ్బుల సంగతి కూడా ఉంది. మొదట వచ్చిన కొద్ది కుటుంబాల నుంచే ఇంత జనం పెరగడంతో, మేనబావ, మేనమామ సంబంధాలు లేకపోయినా కొన్ని అరుదైన జన్యువ్యాధులు వాళ్లలో ఎక్కువ. 1989లో హోమ్స్ మార్టన్ అనే డాక్టరు స్ట్రాస్‌బర్గ్‌లో ఆ పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ స్థాపించారు. దాని అప్పటి భవనాన్ని ఆమిష్‌లే పొలం షెడ్డు లేపినట్టు అందరూ కలిసి చేతులతో లేపారు. పుట్టగానే రక్తపరీక్ష చేసి, ఆహారం మార్చి, ఒకప్పుడైతే మంచం పట్టే పిల్లల్ని ఆ క్లినిక్‌లో నిలబెడుతున్నారు.

వాళ్లు బీమా కట్టరు. 1965లో ప్రభుత్వం సోషల్ సెక్యూరిటీ పన్ను నుంచి వాళ్లకు మినహాయింపు ఇచ్చింది, పింఛనూ తీసుకోరు. ఆసుపత్రి బిల్లు వస్తే సంఘం పంచుకుంటుంది. షెడ్డు కాలిపోతే వందల మంది వచ్చి ఒకటి రెండు రోజుల్లో కొత్తది నిలబెడతారు. ముసలివాళ్ల కోసం పెద్ద ఇంటికి ఆనించి చిన్న ఇల్లు కడతారు. ఆ రైతు ఇంట్లో వాళ్ల అమ్మ అలాంటి ఇంట్లోనే ఉంది, మనవరాలు భోజనం తీసుకెళ్లడం చూశాను. పిల్లలెందుకు ఉండిపోతున్నారన్న నా ప్రశ్నకు అక్కడ నాకు సగం జవాబు దొరికింది. వెళ్లిపోతే పడే శిక్ష ఒక కారణమైతే, ఉండిపోతే తనను ఎవరూ ఒంటరిగా వదలరన్న నమ్మకం అంతకంటే పెద్ద కారణం.

భూమి మాత్రం చాలడం లేదు. ధర ఆకాశాన్ని అంటుతోంది. లాంకస్టర్ ఆమిష్‌లలో ఇప్పుడు సేద్యం చేసేవాళ్లు సగం కంటే తక్కువ. మిగతావాళ్లు వడ్రంగం, ఇళ్ల నిర్మాణం, దుకాణాల్లో ఉన్నారు. కొందరు చవక భూమి వెతుక్కుంటూ కెంటకీ, న్యూయార్క్, విస్కాన్సిన్ వైపు వెళుతున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు పిల్లలున్న మనవాళ్లు ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. ఆదివారం వెళ్లకండి, వాళ్లు ఆ రోజు ఏదీ అమ్మరు. మనుషుల ముఖాలు ఫొటో తీయకండి, అది వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. గుర్రపుబండి కనిపిస్తే హారన్ కొట్టకుండా దూరంగా దాటండి. రోడ్డు పక్క బల్ల మీద గుమ్మడికాయలు, గుడ్లు, జామ్ సీసాలు పెట్టి డబ్బుల డబ్బా ఉంచుతారు. అక్కడ కొనుక్కుంటే ఆ ఇంటికే చేరుతుంది. వీలైతే మెనోనైట్ గైడ్‌ను వెంట పెట్టుకోండి, సందేహాలన్నీ ఓపికగా తీరుస్తారు.

తిరుగు దారిలో మా అల్లుడు, "మామయ్యా, ఇదంతా చూశాక మనం ఏం చేయగలం? ఫోను పారేయలేం కదా" అన్నాడు. నేను పాలమూరు బోర్ల సంగతి చెప్పాను. నా కళ్ల ముందే జరిగిన కథ అది. చెరువు ఉన్నప్పుడు పూడిక తీయడానికి ఊరు కదిలేది. ఏ మడికి ఎప్పుడు నీళ్లో నీరటి చెప్పేవాడు, తగాదా వస్తే కూర్చుని తేల్చుకునేవారు. బోరు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవి. ఊరితో పని లేకపోయింది, నీరటితో పని లేకపోయింది. కట్టలు తెగాయి, చెరువులు పూడాయి, బోర్లు వందల అడుగుల లోతుకు పోయి ఎండిపోయాయి. అప్పులు మాత్రం మిగిలాయి. ఆ చెరువుల్ని బాగుచేయడానికి 2015లో ప్రభుత్వం మిషన్ కాకతీయ మొదలుపెట్టాల్సి వచ్చింది. బోర్లు వద్దనాల్సింది అని నేను అనను. వాటి వల్ల బతికిన రైతులూ ఉన్నారు. కానీ మొదటి బోరు వేసే రోజున, ఇది వస్తే చెరువు ఏమవుతుంది, మన మధ్య ఏమవుతుంది అని ఏ ఊళ్లోనూ జనం కూర్చుని మాట్లాడుకోలేదు. వ్యవసాయ శాఖలో ఉన్న మేమూ ఆ మాట ఎత్తలేదు.

ఆమిష్‌ల మతం వాళ్లది, వాళ్ల వెలి నాకు సమ్మతం కాదు. అయినా ఒక కొత్త వస్తువు గుమ్మం దాటి లోపలికి రాకముందే ఊరంతా కూర్చుని దాని మంచిచెడ్డలు ఎంచడం, కొంత తీసుకుని కొంత వదిలేయడం సాధ్యమేనని వాళ్లు వందేళ్లుగా చేసి చూపిస్తున్నారు. మన ఊళ్లకు రావలసిన యంత్రాలు ఇంకా చాలా ఉన్నాయి. కనీసం వాటి విషయంలోనైనా ముందుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు మన పల్లెలకు రావాలని మనసారా కోరుకుంటున్నాను.